పొద లేని మైదానంలో జింకల కంట పడకుండా దగ్గరికి చేరడం ఎలా?

లారమీ_కావలి (స్వస్థలం కావలి, ప్రస్తుతం వ్యోమింగ్, అమెరికా)

సభ్యులందరికీ నమస్కారం. నేను కావలిలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో లారమీ అనే ఊళ్లో స్థిరపడ్డాను. ఇక్కడి గడ్డి మైదానాలలో ప్రాంగ్‌హార్న్ అనే జంతువు మందలు మందలుగా తిరుగుతుంది. ఇక్కడివారు దానిని యాంటిలోప్ అనే పిలుస్తారు గాని, శాస్త్రం ప్రకారం అది మన కృష్ణజింక కుటుంబానికి చెందదు. ఇప్పుడు బతికి ఉన్న జంతువులలో దానికి దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపి. అయినా దాని నడవడి, బెదురు, పరుగు అన్నీ మన జింకలవే. గంటకు 85 కిలోమీటర్లకు పైగా వేగం అందుకోగల జంతువు అది.

దీని వేట ఇక్కడ చట్టబద్ధం. లాటరీలో అనుమతి రావాలి, వేట భద్రతపై శిక్షణ పూర్తి చేయాలి, అనుమతిపత్రంలో రాసిన ప్రాంతంలో రాసిన తేదీలలోనే వేటాడాలి. ఈ సంవత్సరం నాకు ఒక పోతుకు అనుమతి వచ్చింది. తుపాకి లేకుండా వెళ్లి ఆ ప్రాంతమంతా ముందుగా చూసి వస్తున్నాను. మోకాలెత్తు సేజ్ పొదలు, పిక్కల దాకా గడ్డి, అక్కడక్కడా ఎండిన వాగు, మిగిలినదంతా ఆకాశమే. నేను మందను చూసే సరికే మంద నన్ను చూస్తూ ఉంటుంది. మన వైపు మెట్ట బీళ్లలో, ఇతర రాష్ట్రాల అభయారణ్యాలలో జింకలను దగ్గరగా గమనించిన వారు ఈ వేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. చాటు లేని చోట చాటును ఎలా సంపాదించాలి?

నిర్వాహకుడు_పెన్నాతీరం (నెల్లూరు)

చర్చ మొదలయ్యే ముందే ఒక మాట చెప్పడం నా బాధ్యత. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని వేటాడితే 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష, 2022 సవరణ తరువాత 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. లారమీ గారి వేట అక్కడి చట్టానికి లోబడినది కనుక, ఇక్కడి సభ్యులు చెప్పేది చూడడానికీ ఫొటోలు తీయడానికీ సంబంధించినది కనుక ఈ చర్చను అనుమతిస్తున్నాను. ఒక్క షరతు మాత్రం పాటించండి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఎక్కడైనా జింకల మంద మీ కంట పడి ఉంటే ఊరి పేరు గాని, చెరువు పేరు గాని, ఫొటోతో పాటు నమోదయ్యే స్థల వివరం గాని ఇక్కడ పెట్టవద్దు. ఉచ్చులు పెట్టేవారు కూడా ఇటువంటి వేదికలు చదువుతారు.

ఒంగోలు_ఛాయ (ఒంగోలు)

లారమీ గారూ, నేను తుపాకి పట్టినవాడిని కాను, కెమెరా పట్టి తిరిగేవాడిని. రోళ్లపాడు, గుజరాత్‌లోని వెలావదర్, తమిళనాడులోని కోడియక్కరై ప్రాంతాలలో కృష్ణజింకలను గమనించాను. నాకు మంచి బొమ్మ రావాలంటే 60 మీటర్ల లోపలికి చేరాలి, మీకు 200 మీటర్లు చాలు. కనుక నాకు పనికివచ్చినది మీకు తప్పకుండా పనికివస్తుంది.

చాలామంది ముందుగా బట్టల రంగు గురించి ఆలోచిస్తారు. నా దృష్టిలో అది మూడో విషయం. మొదటిది ఆకాశపు అంచు. మైదానంలో బతికే జంతువుకు ప్రమాదం ఎప్పుడూ నేలా ఆకాశమూ కలిసే గీత మీదే కనిపిస్తుంది కనుక, దాని చూపు ఆ గీత వెంట అన్నిటికంటే పదునుగా పనిచేస్తుంది. మీరు ఎంత చక్కని ఆకుపచ్చ చొక్కా వేసుకున్నా, మిట్ట మీద నిలబడి మీ తల ఆ గీతను దాటి పైకి వచ్చిందంటే, కిలోమీటరు దూరం నుంచే మీ పని అయిపోయినట్టే. అదే మనిషి మిట్టకు ఇవతలి వాలులో, వెనుక నేలే తప్ప ఆకాశం కనిపించని చోట కూర్చుంటే, ఏ దుస్తులలో ఉన్నా సగం దాగినట్టే. అందువలన నేను ముందుగా చూసుకునేది నా ముందు ఏమి చాటు ఉన్నదని కాదు, నా వెనుక ఏమి ఉన్నదని. ముందు పొద లేకపోయినా పర్వాలేదు. వెనుక మట్టిగట్టో, ఎండుగడ్డి వాలో, నల్లని రాయో ఉండాలి.

రెండవది కదలిక. వాటి కళ్లు తలకు ఇరుపక్కలా, ఎత్తుగా, పెద్దవిగా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ సుమారు 300 డిగ్రీల మేర చూడగలవు. కాని కదలనిది ఏమిటో పోల్చుకోవడంలో అవి మనంత నేర్పరులు కావు. ముద్దగా కూర్చున్న మనిషిని రాయి అనుకుని వదిలేస్తాయి. ఆ రాయి చెయ్యి ఎత్తి చెమట తుడుచుకుంటే క్షణంలో పసిగడతాయి.

రంగు విషయానికి వస్తే, గిట్టలున్న జంతువుల కంటిలో రంగులను పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకు మూడు. నారింజ, ఎరుపు రంగులను అవి ఆకుపచ్చ నుంచి సరిగా విడదీయలేవు. నీలం మాత్రం వాటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కనుక జీన్సు ప్యాంటు వద్దు. బట్టలను మెరిపించే రసాయనం కలిసిన సబ్బుపొడులు కూడా వద్దు; ఆ మెరుపు నీలి వెలుగే. ముఖం, చేతులు, గడియారం అద్దం, లెన్సు అంచు, ఈ నాలుగింటినీ కప్పుకోండి. చొక్కా గోధుమ రంగులో ఉండి, ఎండలో ముఖం తళతళలాడుతూ ఉంటే ప్రయోజనం లేదు.

ఉదయగిరి_మంద (ఉదయగిరి)

ఒంగోలు అన్న చెప్పిన ఆకాశపు గీత సంగతి మా గొర్రెల కాపరులకు మేక కన్ను చూస్తేనే తెలిసిపోతుంది. మేక కంటిపాప అడ్డంగా, గీత గీసినట్టు ఉంటుంది. అది తల వంచి గడ్డి కొరుకుతూ ఉండగా పక్కన గొంతుకు కూర్చుని దాని కంటిలోకి చూడండి. తల నేలదాకా వంగినా ఆ గీత వంగదు. కనుగుడ్డు లోపల తిరిగి గీత మళ్లీ నేలకు సమంగానే నిలుస్తుంది. అంటే మేత మేస్తున్నంతసేపూ దాని చూపు చుట్టూ ఉన్న నేల అంచునే కాపలా కాస్తూ ఉంటుంది. జింకకూ అంతే. తల వంచింది కదా, నన్ను చూడడం లేదు అనుకుని నడిచేవాడు అక్కడే దొరికిపోతాడు.

మా నాయన ఇప్పటికీ జుడిపి గొర్రెలను మేపుతున్నారు. ఒళ్లంతా తెలుపు, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్లమచ్చలు ఉండే ఎత్తైన గొర్రెలు అవి. మందతో పాటు బీడులో నడిచే కాపరిని చూసి జింకలు పరుగెత్తవు, కొంచెం పక్కకు జరిగి మళ్లీ మేస్తాయి. అదే కాపరి మందను వదిలి ఒంటరిగా, ఖాళీ చేతులతో వాటి వైపు నాలుగు అడుగులు వేస్తే తలలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మనిషి ఒక్కడే, నడక మాత్రం మారింది. కాపరి నడక ఎక్కడికీ చేరాలని నడిచే నడక కాదు. నిలుస్తాడు, వంగుతాడు, వెనక్కి తిరుగుతాడు, పక్కకు పోతాడు. వేటగాడి నడక సూటిగా వస్తుంది. లారమీ తమ్ముడూ, తప్పనిసరిగా కనిపించేటట్టు నడవవలసి వస్తే మంద వైపు సూటిగా పోవద్దు, దాటిపోతున్నవాడిలా ఓరగా నడువు. వాటి కళ్లలోకి తేరిపార చూడవద్దు.

ఇంకొక మాట. తల వంచిన జింక నిజంగా మేస్తున్నదా లేదా అన్నది చెవి చెబుతుంది. నిజంగా మేసేటప్పుడు చెవులు ఈగలను తోలుకుంటూ అటూ ఇటూ ఆడుతాయి, తోక కూడా ఆడుతుంది. అనుమానం ఉన్న జింక తల వంచుతుంది గాని చెవులు నీ వైపే బిగించి ఉంచుతుంది, మూతి గడ్డికి తగలకుండానే తటాలున తల ఎత్తుతుంది. మా నాయన దానిని దొంగమేత అంటారు. దొంగమేత మేస్తున్న జింక ముందు వేలు కూడా కదపకూడదు.

లారమీ_కావలి

ఒంగోలు గారి మాట నాకు పెద్ద బెంగ తీర్చింది. ఇక్కడ తుపాకితో వేటకు వెళ్లేవారు మెరిసే నారింజ రంగు లేదా గులాబీ రంగు వస్త్రం కనీసం ఒకటి పైన ధరించి తీరాలని చట్టం ఉన్నది. దాక్కోవలసిన మనిషి ఆ రంగు టోపీ పెట్టుకుని ఏమి దాక్కుంటాడని అనుకుంటూ ఉన్నాను. తోటి వేటగాళ్లకు కనిపించాలి, జింకకు కనిపించకూడదు అన్న రెండు అవసరాలూ ఆ రంగుతో తీరుతున్నాయన్న మాట.

రెండు సందేహాలు మిగిలి ఉన్నాయి. ఇక్కడ గాలి రోజంతా వీస్తూనే ఉంటుంది, మధ్యాహ్నం దాటితే నిలబడనివ్వదు. ప్రాంగ్‌హార్న్ చూపు మీదే బతికే జంతువు, గాలిని అంతగా పట్టించుకోనక్కరలేదని ఇక్కడ కొందరు అంటారు. మీ అనుభవం ఏమిటి? రెండవది, ఇవి పడుకునేటప్పుడు పల్లంలో పడుకోవు. చుట్టుపక్కల ఉన్నవాటిలో ఎత్తైన మిట్ట ఎక్కి, తలొక దిక్కుకూ తిరిగి పడుకుంటాయి. అటువంటి మందను ఎటు నుంచి చేరాలి?

దర్శి_మాస్టారు (దర్శి)

లారమీ గారి రెండవ సందేహం పాతదే. 1804 సెప్టెంబరులో అమెరికా పడమటి ప్రాంతాలను పరిశీలించడానికి బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం ఈ జంతువును చూసినప్పుడు లూయిస్ తన దినచర్యలో ఇదే రాసుకున్నాడు: అవి ఎత్తైన చోటునే ఎంచుకుని విశ్రమిస్తాయనీ, చూపు, వాసన రెండూ చురుకైనవి కనుక తుపాకి అందే దూరానికి చేరడం దాదాపు అసాధ్యమనీ ఆ మాటల సారాంశం. వాసన సంగతి కూడా ఆయన చెప్పాడు కనుక గాలిని తేలికగా తీసుకోవద్దని నా సలహా.

ఇక చాటు విషయంలో ఒంగోలు గారితో నేను కొంత విభేదిస్తున్నాను. కంట పడకుండా ఉండడమే ఏకైక మార్గమని మన దేశపు వేట చరిత్ర చెప్పదు. మొగలుల కాలంలో చీతాలకు కళ్లగంతలు కట్టి, ఎడ్లబండి మీద కూర్చోబెట్టి, కృష్ణజింకల మందకు బాగా చేరువగా తోలుకుని వెళ్లేవారు. పొలాల మధ్య నిత్యం తిరిగే ఎడ్లబండిని జింకలు లెక్కచేసేవి కావు. బండి తగినంత దగ్గరికి చేరాక గంతలు విప్పి చీతాను వదిలేవారు. నేర్పిన ఎద్దును ముందు నడిపిస్తూ దాని చాటున వేటగాడు వంగి నడిచే పద్ధతి కూడా ఉండేది. దీమపు జింక పద్ధతి మరొకటి: మచ్చికైన పోతు కొమ్ములకు ఉచ్చు కట్టి అడవి మంద వైపు వదిలేవారు, తన చోటికి వచ్చిన పరాయి పోతు మీద పోరుకు దిగిన అడవి పోతు కొమ్ములు ఆ ఉచ్చులో చిక్కుకునేవి. ఈ మూడింటిలోనూ వేటగాడు మాయమైపోలేదు. జింకకు అలవాటైన ఆకారాన్ని తనకూ దానికీ మధ్య నిలబెట్టాడు. ఆ చీతాలు మన దేశంలో అంతరించాయని 1952లో ప్రకటించవలసి వచ్చిందన్నది వేరే దుఃఖం.

అమెరికా మూలవాసులకు కూడా ఇటువంటి నేర్పు ఉండేది. ప్రాంగ్‌హార్న్‌కు కుతూహలం ఎక్కువ కనుక దూరాన గుడ్డను ఊపి, అదేమిటో చూడడానికి అది తనంతట తానే దగ్గరికి వచ్చేలా చేసేవారు. ఎత్తు దూకే అలవాటు దానికి లేదు కనుక షొషోనీ, పాయూట్ వంటి జాతుల వారు సేజ్ పొదలతో పొడవైన దడి కట్టి మందలను అందులోకి తోలేవారు.

ఒంగోలు_ఛాయ

మాస్టారూ, మీరు చెప్పినదంతా నిజమే. కాని అలవాటైన ఆకారం పనిచేసేది అది హాని చేయని చోట మాత్రమే. వెలావదర్‌లో పర్యాటకుల జీపు ఆగితే కృష్ణజింక తల కూడా ఎత్తదు, ఎందుకంటే ఆ జీపు నుంచి దానికి ఎన్నడూ కీడు జరగలేదు. లారమీ గారి మైదానంలో ఏటా వేట జరుగుతుంది. అక్కడ వాహనం రోడ్డు మీద సాగిపోతున్నంతసేపూ జింకలు మేస్తూనే ఉంటాయి గాని, బ్రేకు పడిన క్షణంలో లేచి నిలబడతాయని నా ఊహ. ఆగిన బండి తరువాత ఏమి వస్తుందో వాటికి తెలుసు. గుడ్డ ఊపే ఉపాయం కూడా వేట ఎరగని మందల దగ్గర పనిచేసినంతగా ఇప్పుడు పనిచేయదు. ఎద్దు బొమ్మను గాని జింక బొమ్మను గాని ముందు పట్టుకుని నడవడం తుపాకుల కాలంలో మహాప్రమాదం. రెండో మిట్ట మీద మరో వేటగాడు ఉండవచ్చు. అది విల్లుతో వేటాడే వారికి, తుపాకులకు అనుమతి లేని వారాలకు వదిలేయాలి.

మిట్ట మీద పడుకున్న మంద సంగతి చెబుతాను. అవి ఎత్తున ఉన్నాయి కనుక దూరం బాగా కనిపిస్తుంది. కాని మిట్ట గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది గనుక తమ కాళ్ల కింది వాలు వాటికి కనిపించదు. దూరం నుంచి రావడం కష్టం, చివరి భాగం సులువు. కనుక దూరాన ఉన్నప్పుడే వాగులో దిగిపోయి, మిట్ట మొదలు దాకా వాగు విడవకుండా రావాలి. వాగు చుట్టూ తిరిగి పోతుంది, దారి మూడింతలు అవుతుంది, మధ్యలో మంద కనిపించదు. ఓపిక లేనివారు అక్కడే తల ఎత్తి చూసి చెడగొట్టుకుంటారు. బయలుదేరే ముందే బైనాక్యులర్‌తో రెండు మూడు గుర్తులు పెట్టుకోండి: ఒంటరి పొద, తెల్లని రాయి, కంచె స్తంభం వంటివి. ఆ గుర్తు దాటేదాకా తల ఎత్తకూడదు.

ఆత్మకూరు_పశువైద్యం (ఆత్మకూరు, నెల్లూరు జిల్లా)

నేను పశువైద్యురాలిని. గాలి గురించి లారమీ గారు అడిగారు కనుక చెబుతున్నాను. జింక కన్ను మిమ్మల్ని చూసి, ఏమిటో పోల్చుకోలేక కొంతసేపు అలాగే నిలబడవచ్చు; చెవి చప్పుడు విని ఆ వైపు తిరగవచ్చు. ముక్కు మాత్రం సందేహించదు. మనిషి వాసన తగిలిందంటే చూసుకోవడానికి కూడా ఆగదు. చాలా జంతువులు పడుకునేటప్పుడు గాలి వీపుకు తగిలేలా పడుకుని, వీపు వెనుక కాపలా ముక్కుకు, ఎదుటి కాపలా కంటికి అప్పగిస్తాయి. అందువలన అచ్చంగా ఎదురుగాలిలో వస్తే తిన్నగా వాటి చూపులోకే వస్తారు, గాలి వాలులో వస్తే ముక్కుకు దొరుకుతారు. అడ్డగాలి మంచిది, గాలి మీ ఒక చెంపకు తగులుతూ ఉండాలి. చిటికెడు పొడి మట్టినో, గడ్డి పరకనో జారవిడిచి అప్పుడప్పుడూ చూసుకోండి. వాగు లోపల గాలి పైనున్న గాలిలా వీయదు, మలుపు తిరిగిన ప్రతిచోటా దిక్కు మారుతుంది.

కంట పడకుండా వెళ్లడం ఎందుకు ముఖ్యమో వైద్యురాలిగా ఒక కారణం చెప్పాలని ఉంది. జింక జాతులు అతిగా బెదిరి, అదేపనిగా పరుగు తీస్తే వాటి కండరాలు లోపల దెబ్బతింటాయి. ఆ క్షణంలో తప్పించుకున్నా గంటల తరువాతో, రోజుల తరువాతో చనిపోవచ్చు. పట్టి తరలించే పనులలో మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే. కనుక మంద మిమ్మల్ని గుర్తించి లేచిందంటే ఆ పూటకు వదిలేయండి. బండి ఎక్కి వెంటపడడం, ఇంకో వైపు నుంచి చుట్టుముట్టడం చేయవద్దు. కెమెరా పట్టుకున్నవారికి ఇది మరింత వర్తిస్తుంది. మన ఎండాకాలంలో పట్టపగలు ఒక మందను రెండుసార్లు లేపడం అంటే దాని నీళ్లు మీరు తాగినట్టే.

దాగడం ఆ జంతువులకు తెలియనిది కాదు. కృష్ణజింక పిల్ల గాని, ప్రాంగ్‌హార్న్ పిల్ల గాని పుట్టిన తొలి రోజులలో తల్లి వెంట తిరగదు. గడ్డిలో మెడ నేలకు ఆనించి, కదలకుండా పడుకుంటుంది. పరిగెత్తలేని కాలంలో దానిని కాపాడేది ఆ నిశ్చలతే. తల్లి పాలివ్వడానికి వచ్చి మళ్లీ దూరంగా పోతుంది. అటువంటి పిల్ల మీకు ఎదురైతే తల్లి వదిలేసిందని అనుకుని ముట్టుకోకండి.

ఉదయగిరి_మంద

డాక్టరమ్మ గారు చెప్పిన నీళ్ల మాట మీద నాకూ ఒకటి చెప్పాలని ఉంది. నీటి దగ్గర మాటు వేయడం అన్నిటికంటే సులువని చాలామంది అంటారు. ఎండలు ముదిరాక మా మెట్టలో ఒక కుంటలోనే నీళ్లు మిగులుతాయి. దాని పక్కన మనిషి పొంచి కూర్చుంటే జింక ఏం చేస్తుంది? మూతి దాకా వచ్చిన నీళ్లు విడిచి పోతుంది, లేదంటే ప్రాణానికి తెగించి తాగుతుంది. రెండూ అన్యాయమే. నీళ్లు అనేకం ఉన్న చోట ఆ పద్ధతి వేరు. లారమీ తమ్ముడి దగ్గర పరిస్థితి ఏమిటో తెలియదు.

లారమీ_కావలి

ఇక్కడ పశువుల కోసం పెట్టిన నీటితొట్లు చాలా ఉన్నాయి, కనుక ఒకటి మూసుకుపోయినా మంద మరొకదానికి పోతుంది. విల్లుతో వేటాడేవారు ఆగస్టు నెలలో అక్కడ నల్లటి చిన్న గుడారాలు వేసుకుని కూర్చుంటారు. కొత్తగా వెలసిన గుడారాన్ని చూసి మంద బెదురుతుంది గాని, కొన్ని రోజులు అలాగే వదిలేస్తే దానికి అలవాటు పడుతుంది. లోపల కూర్చున్నవారు నల్లచొక్కా తొడుక్కుని, వెనుక కిటికీ మూసి ఉంచుతారు. వెనుక నుంచి వెలుతురు వస్తే లోపలి మనిషి నీడలా కనిపిస్తాడు. ఒంగోలు గారు చెప్పిన ‘వెనుక ఏమున్నది’ అన్న సూత్రమే ఇక్కడ కూడా పనిచేస్తున్నది. తుపాకికి అంత దగ్గర అవసరం లేదు కనుక నేను నీటి దగ్గర కూర్చోను.

నేను ఎంచుకున్న చోటు ఇలా ఉంటుంది. తూర్పున పొడవాటి ముళ్లతీగ కంచె. ప్రాంగ్‌హార్న్ కంచెను దూకదు, అడుగు తీగ కింది నుంచి దూరిపోతుంది. అవి దూరే చోట నేల నున్నగా అరిగి ఉంటుంది, తీగ ముళ్లకు తెల్లని, బోలుగా ఉండే పెళుసు వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. అటువంటి చోటు ఒకటి చూసి పెట్టుకున్నాను. కంచెకు పడమర ఎండిన వాగు, దాని ఒడ్డు నడుమెత్తు. వాగు చివర నుంచి మిట్ట దాకా రెండు ఫర్లాంగులు బోడి నేల. అక్కడ పాకక తప్పదు. ఆ నేలంతా నాగజెముడు జాతి మొక్కలే, చేయి ఆనిస్తే ముళ్లు దిగుతాయి. పొద్దున పూట సూర్యుడు నా వీపు వెనుక ఉండేటట్టు తూర్పు నుంచి పాకాలా, లేక అడ్డగాలి కోసం ఉత్తరం నుంచి పాకాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఒంగోలు_ఛాయ

రెండింటిలో ఒకటే దొరికితే గాలినే ఎంచుకోండి. సూర్యుడు వెనుక ఉండడం వలన మంద కంటికి మిరుమిట్లు తగులుతాయన్నది నిజమే, కాని తెల్లవారిన గంట రెండు గంటల తరువాత ఆ లాభం తగ్గిపోతుంది. పైగా మీ పొడవాటి నీడ మీకంటే ముందుగా పాకుతుంది.

పాకేటప్పుడు మోచేతులకు, మోకాళ్లకు తోలు తొడుగులు వేసుకోండి. తుపాకిలో గుండు నింపకుండా, గొట్టం మట్టిలో కూరుకుపోకుండా మోచేతుల మధ్య అడ్డంగా పట్టుకోవాలని అక్కడి శిక్షణలో చెప్పే ఉంటారు. పొద దగ్గరికి చేరాక దాని మీది నుంచి తొంగి చూడవద్దు. పొద పైఅంచు మళ్లీ ఆకాశపు గీతే. నేలబారున పక్క నుంచి, ఒక కన్ను మాత్రం బయటికి వచ్చేటట్టు చూడండి. బైనాక్యులర్‌ను ముందుగా నేల మీద పెట్టి, తలను దాని దగ్గరికి తీసుకుపోండి. చేతిని ఎత్తి కళ్ల దగ్గరికి తేవద్దు. అన్నిటికంటే ముఖ్యమైనది ఏమిటంటే, పోతును చూడకండి, లేళ్లను చూడండి. జతకట్టే కాలంలో పోతు చూపంతా పరాయి పోతుల మీదే ఉంటుంది. మందలో వయసు మీరిన లేడి ఒకటి ఉంటుంది, అదే అందరికంటే ముందు అనుమానపడుతుంది. అది తృప్తిపడితే మంద తృప్తిపడినట్టు. వెనక్కి రావలసి వస్తే కూడా పాకుతూనే రండి. మిట్ట మీద మంద ప్రశాంతంగా ఉండగానే మీరు తిరిగి వెళ్లిపోగలిగితే, మరుసటి పూట కూడా అది అక్కడే ఉంటుంది.

దర్శి_మాస్టారు

ఆగిన బండి గురించి ఒంగోలు గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను. అయితే అందులోనే లారమీ గారికి ఒక ఉపాయం కూడా ఉన్నది. మిత్రుడు బండి నడుపుతూ ఉంటే, మందకు కనిపించని మిట్ట వెనుక దిగిపోయి, బండిని మునుపటి వేగంతోనే సాగిపొమ్మనండి. వాటి చూపు పోతున్న బండి వెంట పోతుంది. రోడ్డు మీది నుంచి గాని, బండిలో నుంచి గాని కాల్చడం అక్కడ నేరమని తెలుసు, నేను చెబుతున్నది దిగడం గురించి మాత్రమే.

లారమీ_కావలి

పని పూర్తయింది కనుక ఆసక్తి చూపిన అందరికీ వివరంగా రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టే మిట్ట వెనుక దిగి, వాగు పట్టుకుని, కుడి చెంపకు గాలి తగులుతూ ఉండగా ఉత్తరం నుంచి వెళ్లాను. పెట్టుకున్న గుర్తు ఒక విరిగిన కంచె స్తంభం. అది దాటి, పొద మొదట్లో నుంచి చూస్తే మంద మిట్టకు ఇవతలి వాలులోనే మేస్తూ ఉన్నది. పోతు అవతల ఉన్నది, మధ్యలో ఒక లేడి నా వైపు తల ఎత్తి నిలబడింది. పిరుదుల మీది తెల్లని వెంట్రుకలు సగం నిక్కి ఉన్నాయి. ప్రమాదమని తేలితే అవి పూర్తిగా విచ్చుకుని ఎంత దూరానికైనా తెల్లగా కనిపిస్తాయి, మిగతా మందకు అదే హెచ్చరిక. ఉదయగిరి అన్న చెప్పిన దొంగమేతను నా కళ్లతో చూశాను. తల వంచింది, చెవులు కదలలేదు, మూతి గడ్డిని తాకలేదు, తటాలున తల ఎత్తింది. మళ్లీ అలాగే చేసింది. నా చెంప నేలకు ఆని ఉన్నది, నారింజ టోపీ దానికి ఎదురుగానే ఉన్నది. చాలాసేపటి తరువాత దాని చెవి ఒకటి వెనక్కి తిరిగి ఈగను తోలింది, పిరుదుల మీది వెంట్రుకలు అణిగాయి. అప్పుడు గాని నేను ఊపిరి సరిగా తీసుకోలేదు.

పోతు మంద నుంచి విడిగా, పక్కగా నిలబడేదాకా ఆగి, 190 మీటర్ల దూరం నుంచి కాల్చాను. ఒక్క గుండుతో పడిపోయింది. ఎండ ఎక్కేలోగా చర్మం తీసి మాంసాన్ని మంచుపెట్టెలో పెట్టాము. తినదగిన మాంసాన్ని వృథా చేయడం ఇక్కడ నేరం. డాక్టరమ్మ గారు అడుగుతారని రాస్తున్నాను: చప్పుడుకు మిగతా మంద కొంత దూరం పరుగెత్తి ఆగింది, మేము పని ముగించే సరికి కంచె అవతల మేస్తూ కనిపించింది.

ఆత్మకూరు_పశువైద్యం

సంతోషం. బెదరని జంతువు మీద, పక్కగా నిలబడినప్పుడు, ఒకే గుండు వాడారు. పరుగులో ఉన్న మంద మీద కాల్చి గాయపడిన జంతువును వదిలేయడం కంటే ఆ ఎదురుచూపు ఎంతో మేలు.

ఒంగోలు_ఛాయ

లేడి పిరుదుల మీది వెంట్రుకలు అణగడాన్ని గుర్తుగా పట్టుకోవడం నాకు కొత్త. మన కృష్ణజింకకు ఆ గుర్తు ఉండదు కనుక నేను చెవులనే నమ్ముకోవాలి. నీటితొట్టి దగ్గర ముందుగా వేసి వదిలేసే గుడారం గురించి మీరు రాసినది చదివాక, కృష్ణజింక పోతు తన హద్దులో మళ్లీ మళ్లీ వచ్చి పెంటికలు వేసే చోటుకు తగినంత దూరంలో అటువంటి గుడారం వేయాలన్న ఆలోచన వచ్చింది. అభయారణ్యంలో బండి దిగి నేల మీద కూర్చోవడానికి అటవీశాఖ అనుమతి కావాలి. దానికి దరఖాస్తు రాస్తున్నాను. అనుమతి వస్తే, గుడారానికి మంద ఎంత కాలంలో అలవాటు పడుతుందో ఇక్కడే రాస్తాను. రాకపోతే జీపు కిటికీ నుంచే తీస్తాను.